మెడ తిరిగిన హంస: కుమావూన్ గుహల్లో ఆరు రోజులు

ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. మెట్లు దిగుతుంటే మోకాళ్ళు ఇంకా గుర్తు చేస్తున్నాయి. ఆ నొప్పి పోయేలోపే రాసేస్తే మంచిదని కూర్చున్నాను.

మా పిన్ని కొడుకు భూగర్భశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాడు. "అక్కా, కుమావూన్ వస్తావా, గుహలు చూపిస్తా" అన్నాడు. బొర్రా గుహలు తప్ప నేను మరో గుహ ముఖం చూడలేదు. వేసవి సెలవులు, ఉత్తరాఖండ్ కొండలు, చల్లగా ఉంటుంది అనుకుని సరేనన్నాను. వాడు వెతికేది వందల, వేల ఏళ్ళ కిందటి భూకంపాల జాడలని రైలెక్కాకే తెలిసింది.

మే 12, కాఠ్‌గోదాం నుంచి అల్మోరా

కాఠ్‌గోదాంలో రైలు పట్టాలు అయిపోతాయి, కొండ మొదలవుతుంది. షేర్ జీపులో అల్మోరాకి మనిషికి 400. డ్రైవర్‌ని నేను "భయ్యా" అంటే ముక్తసరిగా తలూపాడు. తమ్ముడు "దాజ్యూ" అనగానే వెనక్కి తిరిగి నవ్వాడు. ఇక్కడ అన్నయ్యని అలా పిలుస్తారట. ఆ ఒక్క మాటతో మాకు కిటికీ సీట్లు దొరికాయి.

రాణీబాగ్ దగ్గర గౌలా నది పక్కనుంచి పోతుంటే తమ్ముడు మోచేత్తో పొడిచాడు. "ఇప్పుడొక గీత దాటుతున్నాం చూడు." నాకు రోడ్డు, రాళ్ళు, బట్టలుతుకుతున్న ఆడవాళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. ముసలి రాళ్ళు కుర్ర రాళ్ళ మీదికెక్కి కూర్చున్న చోటట అది, పేరు మెయిన్ బౌండరీ థ్రస్ట్. దానికి కింద, మైదానం అంచున ఇంకో భ్రంశం (రాళ్ళు తెగి జరిగిన గీత) ఉంది, హిమాలయన్ ఫ్రంటల్ థ్రస్ట్. రామ్‌నగర్ వైపు దాని మీద కందకాలు తవ్వి, తెగిన మట్టి పొరలు చూసి, మధ్యయుగంలో పెద్ద భూకంపాలు వచ్చాయని పోల్చారు. ఒకటి బహుశా 1050కీ 1250కీ మధ్య, ఇంకొకటి 1259కీ 1433కీ మధ్య.

"అలా తవ్వితే సరిపోతుందిగా, మళ్ళీ గుహలెందుకు?" అన్నాను.

"నేల మీద ఏ గుర్తూ నిలవదక్కా. వరద వస్తే కొట్టుకుపోతుంది, నాగలి తిరిగితే చెరిగిపోతుంది. గుహలో ఎండా వానా లేవు. చుక్క పడుతూనే ఉంటుంది, పొర పేరుకుంటూనే ఉంటుంది."

అల్మోరాలో భోజనం ఆలూ గుట్కే, దోసకాయ రైతా, భంగు గింజల పచ్చడి. పచ్చడి పేరు విని ప్లేటు పక్కకి జరిపాను. గింజల్లో మత్తుండదని హోటలావిడ ప్రమాణం చేశాక ఒక వేలితో నాకి, తర్వాత రెండుసార్లు అడిగి వేయించుకున్నాను. రైతాలో నూరిన ఆవాలు మాత్రం కొత్తావకాయలా ముక్కు పుటాలు అదరగొట్టాయి. రెండు ప్లేట్లూ టీలూ కలిపి 260. సాయంత్రం బజార్లో అరకిలో బాల్ మిఠాయి కొన్నాం. కోవా బాగా వేయించి, ముదురు గోధుమ రంగు ముక్కలు కోసి, చుట్టూ తెల్లటి పంచదార పూసలు అంటిస్తారు. ఈ డబ్బా కథ తర్వాత చెప్తాను.

మే 13, బేరీనాగ్ మీదుగా పాతాళ్ భువనేశ్వర్

బేరీనాగ్ నుంచి పంచచూలీ శిఖరాలు కనిపిస్తాయని అందరూ ఊరించారు. మాకు పొగ కనిపించింది. ఈ నెలలో చీడ్ అనే పైన్ చెట్ల ఆకులు ఎండి రాలి, ఎక్కడో ఒకచోట అడవి అంటుకుంటూనే ఉంటుందట. కొండలన్నీ బూడిద కప్పుకున్నట్టున్నాయి.

దారి పక్కన ఒక ముసలావిడ బుట్టలో ఎర్రటి చిన్న పళ్ళు పెట్టుకుని కూర్చుంది. కాఫల్. ఆకు దొన్నెడు 30, పైన ఉప్పు చల్లి ఇచ్చింది. పులుపూ తీపీ, మధ్యలో గట్టి గింజ. ఇక్కడ పెద్దావిడని "ఆమా" అనాలి. పక్క చెట్టు మీద ఏదో పిట్ట నాలుగు మాత్రల్లో కూస్తోంది. అదేమంటోందో తెలుసా అని ఆమే అడిగి, ఆమే చెప్పింది: "కాఫల్ పాకో, మైఁల్ ని చాఖో." కాఫల్ పండింది, నేను రుచి చూడలేదు అని.

తల్లి పొద్దున్నే అడవికెళ్ళి బుట్టనిండా కాఫల్ కోసుకొచ్చి, ముట్టుకోవద్దని కూతురికి చెప్పి పొలానికి పోయిందట. మధ్యాహ్నం వచ్చి చూస్తే బుట్ట వెలితిగా ఉంది. తిన్నావా అంటే తినలేదంటుంది పిల్ల. కోపంతో కొట్టింది. ఆకలితో కాపలా కాసిన పిల్ల, ఆ దెబ్బకే పోయింది. సాయంత్రం వాన పడింది. ఎండకి వడిలి కుంగిన పళ్ళు తడికి ఉబ్బి, బుట్ట మళ్ళీ నిండింది. ఆ బెంగతో తల్లీ పోయింది. ఆ పిల్లే పిట్టయి ఇప్పటికీ చెప్పుకుంటోంది.

ఆమా ఇంత కథా పళ్ళు కొలుస్తూ మామూలుగా చెప్పేసింది. నేను మాత్రం దొన్నె పట్టుకుని చాలాసేపు తినలేకపోయాను.

రాత్రి బసలో మడువా రొట్టె, గహత్ పప్పు, చివర ఝంగోరా ఖీర్. ఒక్కటీ తెలియని పేరే. తిన్నాక చూస్తే అన్నీ మనవే. మడువా అంటే రాగులు, గహత్ అంటే ఉలవలు, ఝంగోరా అంటే ఊదలు. ఇన్ని వందల మైళ్ళు వచ్చి రాగిరొట్టెలో ఉలవపప్పు నంజుకున్నాం. "గహత్ తింటే కడుపులో రాళ్ళు కూడా కరుగుతాయి" అన్నాడు వంటాయన. తమ్ముడు గొంతు తగ్గించి, "రాళ్ళు కరగకూడదక్కా, నా పరిశోధన పోతుంది" అన్నాడు.

అన్నం మధ్యలో కరెంటు పోయింది. కొవ్వొత్తి తెచ్చారు. తమ్ముడు ఖాళీ స్టీలు పళ్ళెం ముందుకు లాక్కుని, కొవ్వొత్తి వంచి ఒకేచోట చుక్కలు వేయడం మొదలుపెట్టాడు. వేలెడు ఎత్తు మైనపు మొలక లేచింది. అప్పుడు పళ్ళెం ఒక అంచు కింద అగ్గిపెట్టె దూర్చాడు. మొలక పక్కకి వాలింది. చుక్క మాత్రం ఎప్పటిలా నిటారుగానే పడుతోంది. కాసేపటికి వాలిన మొలక మీద కొత్త మొలక నిలువుగా లేచింది, మధ్యలో మోకాలు మడిచినట్టు ఒక వంపు మిగిలింది.

"గుహ నేల మీద సున్నపు నీటి చుక్కలతో పెరిగే స్టాలగ్మైట్ కూడా ఇంతే. నిలువుగా కోసి చూస్తే పొర మీద పొర ఉంటుంది. ఉన్నట్టుండి నడుం తిరిగిందంటే అక్కడేదో జరిగింది. నేలైనా వాలుండాలి, పైన కప్పు పగిలి చుక్క పడే చోటైనా మారుండాలి. ఒక్కోసారి విరిగి పడుతుంది, మొండెం మీద మళ్ళీ కొత్తది లేస్తుంది. ఒక్కోసారి దారి మూసుకుపోయి చుక్కే ఆగిపోతుంది."

కరెంటు వచ్చింది. పళ్ళెం నిండా మైనం చూసి వంటాయన ఏమీ అనలేదు కానీ, మర్నాడు టీ స్టీలు గ్లాసుల్లో కాకుండా కాగితం కప్పుల్లో ఇచ్చాడు.

మే 14, పాతాళ్ భువనేశ్వర్

ఫోన్లు, చెప్పులు బయటే. గుహ నోరు చూసి నేను వెనక్కి తిరిగాను. మనిషి పట్టీ పట్టని సొరంగం, నున్నబడ్డ తడి మెట్లు, పట్టుకోడానికి రెండువైపులా ఇనుప గొలుసులు. కింద దాదాపు 90 అడుగుల లోతు. నా ముందు డెబ్బై ఏళ్ళ కుమావూనీ పెద్దాయన "జై భోలేనాథ్" అని జారుతున్నట్టే దిగిపోయాడు. ఇక తప్పలేదు. కూర్చుని, ఒక్కో మెట్టూ జరుగుతూ, పట్టుచీర కట్టుకొచ్చిన నా తెలివిని తిట్టుకుంటూ దిగాను.

లోపల అడుగు పెట్టాక భయం పోయింది. కాళ్ళ కింద శేషుడి పడగ, వెన్నెముక. గోడలనిండా శివుడి జటలు. ఐరావతం కాళ్ళు. త్రేతాయుగంలో ఋతుపర్ణుడు ఈ గుహ చూశాడంటారు. నలదమయంతుల కథలో నలుడు ఎవరి దగ్గర సారథిగా చేరాడో ఆ రాజే. పూజారి ఒక్కో రాయి దగ్గరా ఆగి కథ చెప్తాడు, టార్చి వేసినప్పుడు మనకి అదే కనిపిస్తుంది, టార్చి తీసేస్తే సున్నపురాయి.

నాలుగు యుగాలకి నాలుగు రాళ్ళున్నాయి. అందులో కలియుగం రాయి పెరుగుతోందట, పైనున్న దాన్ని తాకిన నాడు ప్రళయం. రాయి పెరుగుతుందన్న మాట మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజమే. సున్నం కలిసిన నీళ్ళు చుక్కచుక్కగా పడుతుంటే ఇలాంటివి పెరుగుతాయి, చాలాచోట్ల ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. ప్రళయానికి టైముంది.

తర్వాత హంస. బ్రహ్మ వాహనం, కుండంలో నీళ్ళకి కాపలా ఉండమంటే తానే తాగిందని శాపం తగిలి మెడ వెనక్కి తిరిగిందట. నేను తమ్ముడి వైపు చూశాను, నిన్నటి మైనపు మొలక గుర్తొచ్చి. వాడు హంసకి చేతులు జోడించి దణ్ణం పెడుతున్నాడు. బయటికొచ్చాక అడిగితే, "గుడిలో ఉన్నది దేవుడక్కా. ఇక్కడ ఒక్క ముక్క కూడా కోయరు, కోయకూడదు. కోసి చూడకుండా నేనేం చెప్పినా అది పూజారి కథకి ఇంకో కథ కలపడమే" అన్నాడు.

గైడుకి 200 ఇచ్చి, ఎండలో చీర ఆరబెట్టుకుంటూ ఇంకో గ్లాసు టీ తాగాను.

మే 15, గంగోలీహాట్ నుంచి పిథోరాగఢ్

హాట్ కాళికా గుడి చూసుకుని బయల్దేరాం. సరయూ లోయలోకి దిగేటప్పుడు ఎండ మాడిపోయింది, మళ్ళీ ఎక్కేటప్పుడు స్వెట్టర్ వేసుకోవాల్సొచ్చింది. జీపులో పదమూడు మందిమి, ఒక మేకపిల్ల. మేకపిల్లకి టికెట్టు లేదు, నా ఒళ్ళో కూర్చుంది.

ఆ ఇరుకులోనే తమ్ముడు ధరమ్‌జలీ గుహ సంగతి చెప్పాడు. పిథోరాగఢ్ జిల్లాలోనే, సుమారు 2,200 మీటర్ల ఎత్తులో ఉంది. సి.పి. రాజేంద్రన్, జైశ్రీ సాన్వాల్, వాళ్ళ తోటివాళ్ళు అందులోని మూడు స్టాలగ్మైట్లు పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. నడుం తిరిగిన చోట్లు, పెరుగుదల ఆగిన చోట్లు, విరిగి మళ్ళీ మొలిచిన చోట్లు గుర్తించి, వాటికి వయసు కట్టారు. ఆరు తేదీలు వచ్చాయి. అన్నిటికంటే పాతది 4,273 ఏళ్ళ కిందటిది, 410 ఏళ్ళు అటూ ఇటూ. కొత్తది 687 ఏళ్ళ కిందటిది, 147 అటూ ఇటూ.

"నాలుగొందల పదేళ్ళు అటూ ఇటూనా! ఇది లెక్కేనా?" అన్నాను. మా బ్యాంకులో పది రూపాయలు అటూ ఇటూ అయితే రాత్రి పదింటిదాకా ఇంటికి పంపరు.

వాడికి కోపం రాలేదు. యురేనియం నీళ్ళలో కరుగుతుంది, థోరియం కరగదు. కాబట్టి చుక్కతో పాటు రాతిలో చేరేది యురేనియమే. అది మెల్లిగా థోరియంగా మారుతుంది. ఏది ఎంతుందో కొలిస్తే ఆ పొర ఎప్పుడు పేరుకుందో తెలుస్తుంది. చిక్కల్లా చుక్కతో పాటు మట్టి వచ్చినప్పుడే. మట్టి వెంట ముందే తయారైన థోరియం వచ్చేస్తుంది. పెళ్ళిలో చదివింపులు లెక్కపెట్టేటప్పుడు ఎవరో తమ జేబులో డబ్బు కూడా పళ్ళెంలో వదిలేసినట్టు. అందుకే అంత ఎడం.

ఆ కొత్త తేదీని క్రీస్తుశకంలోకి మారిస్తే 1176కీ 1470కీ మధ్య పడుతుంది. కింద కందకాల్లో దొరికిన రెండు భూకంపాల్లో ఏదో ఒకదానితో అది కలుస్తుందని వాళ్ళ మాట. ఏదో ఒకటే, ఏదని తేల్చలేదు. అంత పని చేసినవాళ్ళు కూడా "కావచ్చు" దగ్గరే ఆగడం చూశాక ఆ 410 మీద నాకు కాస్త గౌరవం కలిగింది.

ఇదే గుహలోని మరో స్టాలగ్మైట్ కరువుల కథ కూడా చెప్పింది. 4,200 ఏళ్ళ కిందట మొదలై రెండు శతాబ్దాలకు పైగా వానలు మళ్ళీ మళ్ళీ ఎలా ముఖం చాటేశాయో దాని పొరల్లో ఉంది. సింధు నాగరికత పట్టణాలు చెదిరిన కాలం అది.

రాత్రి పిథోరాగఢ్‌లో భట్ చుడ్కానీ, అన్నం. నల్ల సోయా గింజల పులుసు, ఇద్దరికీ 180. నిద్రపోయే ముందు గది గోడ మీద పగులు ఒకటి కనిపించింది. పిథోరాగఢ్‌కి భూకంపాల ముప్పు చాలా ఎక్కువని అప్పుడే చెప్పాలా వాడు.

మే 16, దారి తప్పి

రోజంతటికీ జీపు 2,500కి మాట్లాడుకుని ధరమ్‌జలీకి బయల్దేరాం. చూడ్డానికే, ముట్టుకోడానికి కాదు. ఫోన్ మ్యాప్ మమ్మల్ని ఒక మెట్ల పొలం అంచుకి తీసుకెళ్ళి, అక్కడితో నా పనైపోయింది అన్నట్టు ఆగిపోయింది. కాలిబాట పట్టి రెండు గంటలు నడిచాక తేలింది, మేం ఎక్కింది పక్క కొండ. తిండి జీపులో ఉండిపోయింది.

మేకలు కాస్తున్న ఒక పెద్దాయన ఎదురయ్యాడు. "బూబూ, ఇక్కడ గుహ ఎక్కడ?" అన్నాడు తమ్ముడు. బూబూ అంటే తాత. "గుహ కావాలా? రా" అని ఆయన ముందు నడిచాడు. ఏ గుహ అని మేం అడగలేదు. అక్కడే పొరపాటైంది.

ఆయన చూపించింది వానొస్తే మేకలు తోలుకునే గుహ. నోటి దగ్గర పెంటికలు, గోడలకి మసి. పది అడుగులు వంగి వెళ్ళాక కాస్త నిలబడొచ్చు. టార్చి వేస్తే మోకాలెత్తు స్టాలగ్మైట్ ఒకటి, సగం దాకా ఎడమకి వాలి, అక్కణ్ణుంచి నిటారుగా! పక్కనే విరిగిన ముక్కలు. "హంస!" అని అరిచాను. నా గొంతు నాకే తిరిగొచ్చింది.

తమ్ముడు మోకాళ్ళ మీద కూర్చుని ముందు దాని అడుగు చూశాడు. బంకమట్టి. "తడిసి దిగబడితే దానంతటదే వాలుతుంది, భూకంపం అక్కర్లేదు." గోడ మీద చెయ్యెత్తులో ఒక మట్టి చార చూపించాడు. ఎప్పుడో వరద ఇంతెత్తు వచ్చింది, ముక్కలు విరిచింది అదైనా కావచ్చు. లేదా మేక కావచ్చు, మంట వేసుకున్న మనిషి కావచ్చు. చలిదేశాల్లో అయితే గుహలో పేరుకున్న మంచు కదిలినా విరుగుతాయట.

"అయితే భూకంపమని ఎప్పుడంటావురా?"

"ఒకటి చూసి ఎప్పుడూ అనను. గట్టి రాతి మీద నిలబడ్డవి చాలా ఉండాలి, అన్నీ ఒకే కాలంలో విరగాలి, పక్క గుహలోనూ అదే తేదీ రావాలి." ఇజ్రాయెల్‌లో మృతసముద్రపు భ్రంశానికి పడమరనున్న సోరెక్, హర్‌తూవ్ గుహల్లో అలా 1,85,000 ఏళ్ళ వెనక్కి వెళ్ళారట. విరిగిన దాని చివరి పొర వయసు, దాని మీద కొత్తగా పేరుకున్న మొదటి పొర వయసు. ఆ రెంటి మధ్యే ఏదో జరిగింది. "ఇక భ్రంశమే గుహలోంచి పోతుంటే ఇంకా తేలిక. గోడ తెగి, రెండు సగాలూ జరిగి, మధ్యలో సున్నపు పొర చిరిగి కనిపిస్తుంది. ఆ పొర కుర్రదైతే భ్రంశం ఇంకా బతికున్నట్టే." స్లొవేనియాలోని పోస్టోయ్నా గుహలో 2004 నుంచి టీఎం 71 అనే పరికరాలు అమర్చి, మిల్లీమీటరులో వందో వంతు జరిగినా పట్టుకుంటున్నారు.

విరగనివి కూడా సాక్ష్యమేనట. హంగరీ, స్లొవేకియా గుహల్లో పొడుగ్గా సన్నగా నిలబడ్డ స్టాలగ్మైట్లని కొలిచి, ఎంత కుదుపు వస్తే అవి విరగాలో లెక్క కడతారు. నిలబడే ఉన్నాయంటే వాటి జీవితకాలంలో అంత కుదుపు రాలేదన్నమాట. ఆ మాట విన్నాక గుహలో నా నడక మారింది. అంతదాకా విరిగినవే చూస్తున్నాను.

బయట వాన పట్టుకుంది. ధరమ్‌జలీ ఆశ అక్కడితో సరి. బూబూ ఇంటికి తీసుకెళ్ళాడు. పంచదార లేని టీ, విడిగా బెల్లం ముక్క. బెల్లం కొరికి టీ చప్పరించాలి. 1999 మార్చిలో చమోలీ భూకంపం వచ్చిన అర్ధరాత్రి గేదె తాడు తెంపుకుందనీ, మనుషుల కంటే ముందు అదే లేచిందనీ చెప్పాడు. తర్వాత తమ్ముణ్ణి సూటిగా అడిగాడు. "మళ్ళీ ఎప్పుడు?"

"అది తెలీదు బూబూ. వచ్చినవి ఎప్పుడొచ్చాయో మాత్రం రాయి చెప్తుంది."

ఆయన తన ఇంటి గోడ వైపు చూశాడు. అడుగున పాత రాతికట్టు, దాని మీద కొడుకు కొత్తగా లేపిన సిమెంటు అంతస్తు. "మరి ఆ రాయిని ఇల్లెలా కట్టుకోవాలో అడగండి" అని నవ్వాడు. తమ్ముడు నవ్వలేదు. లేచి, వానలోనే ఇంటి చుట్టూ తిరిగి, మూలలు చూసి, కాగితం మీద ఏవో గీసి ఇచ్చాడు, ఎక్కడ కడ్డీలు కట్టాలో, ఏ గుమ్మం పైన పట్టీ వేయాలో. డబ్బులివ్వబోతే బూబూ ఇంటి ఆమా కోప్పడింది. చివరికి కాఫల్ సీసా ఒకటి బలవంతంగా మా సంచీలో పెట్టింది.

మే 17, టనక్‌పుర్

లోహాఘాట్, చంపావత్ మీదుగా కిందికి. రోడ్డు వెడల్పు చేయడానికి చెక్కిన కొండ అంచులు పచ్చిపుండ్లలా ఉన్నాయి. ఆఖరి మలుపు తిరగగానే మైదానం, మామిడితోటలు, ముఖాన వేడిగాలి. ఇక్కడే ఎక్కడో ఆ ఫ్రంటల్ థ్రస్ట్ దాటాం. తమ్ముడు చూపించలేదు, నిద్రపోతున్నాడు. లేపలేదు.

ఇంటికి వచ్చాక బాల్ మిఠాయి డబ్బా నాన్న విప్పారు. ముక్కలన్నీ బోడిగా ఉన్నాయి, పంచదార పూస ఒక్కటీ లేదు. "పిల్లలు గీకి తినేశారు!" అని మా చిన్నాణ్ణి గట్టిగా పిలిచారు. వాడు గుమ్మం దగ్గరే ఆగిపోయి, నేను తినలేదంటున్నాడు.

"ఉండండి నాన్నా" అని డబ్బా అందుకుని, ముక్కలు ఒక్కొక్కటే పైకి తీశాను. అడుగున కాగితం మడత కింద, ఎడమ మూలకి, పూసలన్నీ కుప్పగా ఉన్నాయి.

తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. "డబ్బా సంచీలో ఏ పక్కకి పెట్టావు?" అన్నాడు.